ఒకే మనిషి, ఐదు పాత్రలు: వైజాగ్‌లో స్కెచ్ కామెడీ సిరీస్ తీసే పద్ధతి

"అన్ని వేషాలూ ఒక్కరే వేసి, వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటున్నట్టు ఎలా తీస్తారు?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా చెప్పే బదులు మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాసేస్తున్నాను.

వేషం మార్చడం పెద్ద కష్టం కాదు. విగ్గు, మీసం, కళ్ళజోడు ఎవరైనా పెట్టుకుంటారు. మనం దొరికిపోయేది ఒక పాత్ర మాట్లాడుతుంటే రెండో పాత్ర వినే చోట. అక్కడ మన సొంత ముఖం బయటపడిందంటే చూసేవాళ్ళకి ఇక మనిషి కనిపించడు, విగ్గే కనిపిస్తుంది. కింద రాసిన పనుల్లో సగం ఆ వినే షాట్ కోసమే.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి:

- మంచి వీడియో తీసే ఫోన్, కదలని ట్రైపాడ్
- చొక్కాకి పెట్టుకునే కాలర్ మైక్, చిన్న ఇయర్‌ఫోన్
- రెండు ఎల్ఈడీ లైట్లు, ఒక తెల్ల థర్మాకోల్ షీట్
- చీపురు కర్ర, రంగు టేపు, కాస్త ముగ్గుపిండి (నవ్వకండి, మూడూ పనికొస్తాయి)
- 200 పేజీల నోట్‌బుక్
- ఇద్దరు మనుషులు: కెమెరా దగ్గర ఒకరు, ఎదుటి డైలాగులు అందించడానికి ఒకరు

1. ముందు అంశం, తర్వాత పాత్రలు

చాలామంది ముందు పాత్రలు తయారు చేసుకుని, ఆ తర్వాత వాళ్ళతో ఏం చేయించాలా అని తల పట్టుకుంటారు. ఎపిసోడ్‌కి ఒక్క అంశం పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీవోలో 1996 నుంచి 1999 వరకు వచ్చిన 'ట్రేసీ టేక్స్ ఆన్' పద్ధతి ఇదే. హాస్యనటి ట్రేసీ ఉల్మన్ ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో అంశం తీసుకుని, తన పాత్రలన్నింటినీ దాని చుట్టూ తిప్పేవారు. ముసలి మేకప్ ఆర్టిస్టూ ఆవిడే, మగ ట్యాక్సీ డ్రైవరూ ఆవిడే.

మన ఊరికి సరిపోయే అంశం ఒకటి తీసుకుందాం: తుఫాను హెచ్చరిక. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో వచ్చింది. ఇంకా వాన లేదు, గాలి లేదు. ఈ ఖాళీ సమయంలో ఎవరేం చేస్తారు? స్కెచ్ అక్కడ ఉంది.

దీని మీద ఐదుగురిని పెడదాం. పేర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. సింహాద్రి అప్పన్న, పైడితల్లి, నూకాలమ్మ ఉన్న నేల ఇది. అప్పలరాజు, పైడిరాజు, నూకరాజు, అప్పలనరసమ్మ వీధికొకరు ఉంటారు.

- అప్పలనరసమ్మ: రైతుబజార్లో కూరలు అమ్ముతుంది. హెచ్చరిక వినగానే ఉల్లిపాయల బుట్ట ముందుకు జరుపుతుంది.
- రామ్మూర్తి గారు: స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై ఇంకా ఉక్కునగరం గురించే మాట్లాడే పెద్దమనిషి. ఏం చెప్పినా "మా మిల్లులో అయితేనా..." అంటారు.
- సెక్రటరీ గారు: ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. ఊతపదం "వాట్సాప్ గ్రూపులో పెట్టాను కదండీ."
- సంతోష్: శ్రీకాకుళం నుంచి వచ్చి ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు. తుఫాను ఎప్పుడొస్తుందని కాదు, పరీక్ష వాయిదా పడుతుందా అని చూస్తుంటాడు.
- నూకరాజు: ఫిషింగ్ హార్బర్ దగ్గర వల కుట్టుకునే మనిషి. ఎవరేం అడిగినా ముందు సముద్రం వైపు చూస్తాడు.

ఒక జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద నుంచి వెళ్ళింది. ఆ రోజు పోగొట్టుకున్నవాళ్ళు మీ ప్రేక్షకుల్లో ఉంటారు. జనం చేసే హడావుడి మీద నవ్వించండి, నష్టం మీద వద్దు. జనరేటర్‌కి డీజిల్ ఎవరి డబ్బుతో పోయించాలని ఫ్లాట్ల వాళ్ళు కొట్టుకోవడం కామెడీ. ఎగిరిపోయిన రేకుల ఇల్లు కామెడీ కాదు.

2. ఒంటి నుంచి గొంతుకి, గొంతు నుంచి మాటకి, చివర్న బట్టలు

ఈ వరుస తలకిందులు చేసినవాళ్ళే ఎక్కువ. ముందు విగ్గు కొనేస్తారు, పాత్ర దాంట్లోంచి ఊడిపడుతుందని చూస్తారు. ఊడిపడేది విగ్గే.

మొదటి రోజు ఒళ్ళు. నోట్‌బుక్‌లో ఒక్కో పాత్రకి నాలుగు పేజీలు వదలండి. మొదటి పేజీలో మూడు ప్రశ్నలకి మాత్రం జవాబు రాయండి. బరువు ఎక్కడ మోస్తాడు? చేతులు ఖాళీగా ఉంటే ఏం చేస్తాయి? కూర్చున్న చోటి నుంచి లేవాలంటే ముందు ఏది కదులుతుంది?

అప్పలనరసమ్మ రోజంతా గొంతుక్కూర్చుంటుంది, అందుకే లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనుతుంది. రామ్మూర్తి గారు లేచే ముందు చొక్కా సర్దుకుంటారు. సెక్రటరీ లేవడు, కుర్చీతో సహా తిరుగుతాడు. నూకరాజు చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. సంతోష్ బ్యాగు భుజం మీదే ఉంటుంది, గదిలో కూడా.

ఇవి ఇంట్లో కూర్చుని ఊహిస్తే రావు. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఒక గంట నిలబడండి. కాంప్లెక్స్‌లో బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చోండి. ఎవరినీ వీడియో తీయొద్దు. ఒకే మనిషిని మొత్తం దించేయొద్దు కూడా. నడక ఒకరిది, చేతులు ఒకరివి, నవ్వు ఇంకొకరిది తీసుకోండి. అప్పుడు "అది నేనే" అని ఎవరూ బాధపడరు, "మా పక్కింటాయన అచ్చం ఇంతే" అని అందరూ అంటారు.

రెండో రోజు గొంతు. గొంతు మార్చడమంటే బొంగురు చేయడం కాదు. మూడు మీటలు ఉన్నాయి: శ్రుతి, వేగం, ఊపిరి. రామ్మూర్తి గారు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటారు, అక్కడ ఎవరూ దూరకూడదని. సెక్రటరీ ప్రతి వాక్యం చివర్నా శ్రుతి పెంచుతాడు. సంతోష్ మొదటి రెండు మాటలు మింగేస్తాడు. ఒక్కో పాత్రకి రెండు మీటలు మారిస్తే చాలు. మూడూ మారిస్తే కార్టూన్ అవుతుంది, పది నిమిషాలకి గొంతు పట్టేస్తుంది.

మూడో రోజు మాట. ఇక్కడ యాస సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మన ఉత్తరాంధ్ర యాసని తెరమీద ఎక్కువగా పనివాళ్ళకీ, అమాయకులకీ ఇస్తూ వచ్చారు. మీరు అదే చేస్తే ఊళ్ళోవాళ్ళు మొహమాటానికి నవ్వుతారు, లోపల నొచ్చుకుంటారు. నా లెక్క ఏంటంటే, స్కెచ్‌లో అందరికంటే తెలివైన పాత్రకి యాస ఇవ్వండి. పుస్తకాల తెలుగు తెలివితక్కువవాడికి ఇవ్వండి. తుఫాను స్కెచ్‌లో నిజంగా విషయం తెలిసినవాళ్ళు ఇద్దరే, అప్పలనరసమ్మ, నూకరాజు.

"ఏటమ్మా, తుఫానొస్తాదని కూరొండుకోవా ఏటి? రెండు కేజీలట్టుకెళ్ళు. రేపు నానుంటానో ఉండనో!"

ఇది వ్యాపారం తెలిసిన మనిషి మాట. యాస ఇందులో జోకు కాదు, ఆవిడ చేతిలో తక్కెడ లాంటిది.

యాస రాసేటప్పుడు ప్రతి మాటనీ వంచొద్దు. వాక్యానికి ఒకటి రెండు చోట్ల 'ఏటి', 'నాను', 'వచ్చీసినాడు', 'ఎల్లిపోనాడు' లాంటివి పడితే చాలు. శ్రీకాకుళం మాటకీ, విశాఖ పాతబస్తీ మాటకీ తేడా ఉంటుంది. సంతోష్ మాటలు రాశాక ఆ జిల్లావాళ్ళ చేత ఒకసారి చదివించండి.

నాలుగో రోజు బట్టలు. ఒక్కో పాత్రకి ఒక్క గుర్తు, దూరం నుంచి కనపడేది ఉంటే సరిపోతుంది. రామ్మూర్తి గారికి చొక్కా జేబులో రెండు పెన్నులు. సెక్రటరీకి మెడలో వేలాడే కళ్ళజోడు. కళ్ళజోడు అద్దాలు తీసేసి ఫ్రేమ్ మాత్రం పెట్టుకోండి, లేకపోతే లైటూ, ఫోనూ, మీ కెమెరా మనిషీ అందులో కనిపిస్తారు.

మగవాళ్ళు ఆడపాత్ర వేసేటప్పుడు ఒక మాట. మగాడు చీర కట్టుకోవడమే జోకు అయితే అది పది సెకన్లలో అయిపోతుంది. మిగతా మూడు నిమిషాలూ ఏం చేస్తారు? అప్పలనరసమ్మ బేరం ఆడటం మీద నవ్వాలి, చీర మీద కాదు. ఒంటికి రంగు పూసి నల్లగా చేసుకోవడం అసలే వద్దు.

బట్టల దశకి వెళ్ళే ముందు ఈ పరీక్షలు పెట్టుకోండి:

- కళ్ళు మూసుకుని విన్న మనిషి ఐదు గొంతుల్నీ విడివిడిగా గుర్తుపట్టాలి
- శబ్దం ఆపేసి చూపిస్తే, ఒకే టీషర్టులో ఉన్నా ఐదుగురూ వేరుగా కనిపించాలి
- ఒక్కో పాత్ర ఎప్పటికీ అనని మాట ఒకటి మీకు తెలిసి ఉండాలి (రామ్మూర్తి గారు "నాకు తెలీదు" అనరు)

రెండో పరీక్ష తప్పితే వెనక్కి, మొదటి రోజుకి వెళ్ళాల్సిందే. బట్టలు దాన్ని కప్పవు.

3. రేడియో వెర్షన్

షూటింగ్‌కి వారం ముందు, స్కెచ్ మొత్తాన్ని ఒకేచోట కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. అన్ని గొంతులూ మీవే, వేషం లేదు, కెమెరా లేదు. దీన్ని మేం రేడియో వెర్షన్ అంటాం.

దీంతో మూడు పనులవుతాయి. నిడివి తెలుస్తుంది. ఎక్కడ సాగుతోందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, షూటింగ్ రోజు ఎదుటి పాత్ర మాటలు మీ చెవిలో వినిపించడానికి ఆడియో సిద్ధంగా ఉంటుంది.

దీన్ని పాత్రకొక ఫైలుగా కోసి పెట్టుకోండి. రామ్మూర్తి గారి ఫైల్లో ఆయన మాటల చోట ఖాళీ ఉండాలి, మిగతావాళ్ళ మాటలు ఉండాలి. చిన్న ఇయర్‌ఫోన్ కెమెరాకి కనపడని చెవిలో పెట్టుకుని ఆ ఖాళీల్లో మీ డైలాగు చెప్పాలి. ఇలా చేస్తే రెండు రోజుల తేడాతో తీసిన రెండు పాత్రలూ ఒకే వేగంలో మాట్లాడతాయి.

ఖాళీలు సరిగ్గా మీ డైలాగు అంతే ఉంచారో, ఊపిరి ఆడదు. ఒక్కో ఖాళీకి ఒక సెకను ఎక్కువ వదలండి. ఎడిటింగ్‌లో కోయొచ్చు, అతికించడం కుదరదు.

నిడివి సంగతి. ఆన్‌లైన్‌లో పెట్టేదైతే స్కెచ్ మూడు నుంచి ఐదు నిమిషాలు. లోకల్ ఛానల్‌లో అరగంట స్లాట్ అడిగితే, ప్రకటనలు పోగా మీకు మిగిలేది 22 నిమిషాల చుట్టూ. అంటే ఆరు స్కెచ్‌లు, మధ్యలో చిన్నచిన్న అతుకులు. మొదటి సిరీస్‌కి ఆరు ఎపిసోడ్‌లకంటే ఎక్కువ ఒప్పుకోవద్దు.

4. షూటింగ్ వరుస కథ ప్రకారం కాదు, ముఖం ప్రకారం

నా మొదటి స్కెచ్ కథ వరుసలోనే తీశాను. ఒక డైలాగు లుంగీలో, మరో డైలాగు చీరలో, మళ్ళీ లుంగీ. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే సాయంత్రానికి చేతికి వచ్చింది రెండు నిమిషాల వీడియో. చీర మాత్రం పద్నాలుగుసార్లు కట్టాను. చివరి నాలుగుసార్లు కుచ్చిళ్ళు ఎటు తిరిగాయో నాకే తెలియదు, వీడియోలో అందరికీ తెలిసింది.

ఒక పాత్ర షాట్లన్నీ ఒకేసారి పూర్తి చేసి, ఆ తర్వాతే రెండో పాత్రకి మారాలి. ఐదు పాత్రలకి రెండు రోజులు పెట్టుకోండి.

మొదటి రోజు:

- నూకరాజు ముందు. రెండు వారాలు పెంచిన సొంత గడ్డం వాడుకోవాలి కాబట్టి.
- గడ్డం గీసేసి సంతోష్.
- భోజనం అయ్యాక సెక్రటరీ. తల దువ్వి, కళ్ళజోడు తగిలిస్తే చాలు.

రెండో రోజు:

- రామ్మూర్తి గారు, అతికించిన తెల్ల మీసంతో.
- మీసం తీశాక కనీసం గంట విరామం. ఆ గంటలోనే భోజనం.
- చివర్న అప్పలనరసమ్మ. మార్కెట్ అరుపులన్నీ ఆవిడవే, గొంతు పోయినా ఆ తర్వాత పని లేదు.

మీసాన్ని మొదటి రోజు గడ్డం గీసిన వెంటనే ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. అప్పుడే గీసిన చర్మానికి మీసం అతికించే మేకప్ గమ్ తగిలితే మంట పుడుతుంది. మంట పుట్టిన ముఖంతో రామ్మూర్తి గారిలా నిమ్మళంగా ఉపన్యాసం ఇవ్వడం నావల్ల కాలేదు.

చీర కుచ్చిళ్ళు ముందే కుట్టించి, నడుము దగ్గర హుక్ పెట్టించుకోండి. రెండు నిమిషాల్లో కట్టుకోవచ్చు, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. పాత్ర మారే ముందు చివరి షాట్‌లో ఉన్నట్టుగా నిలబడి నిలువెత్తు ఫోటో ఒకటి తీసి పెట్టుకోండి. మర్నాడు ఏదైనా షాట్ మళ్ళీ తీయాల్సి వస్తే ఆ ఫోటోనే దిక్కు.

5. మీసం, చెమట, సముద్రపు గాలి

ఈ ఊళ్ళో మేకప్‌కి అసలు శత్రువు ఎండ కాదు, ఉక్క. ముఖం మీద ఏది అతికించినా లోపల నుంచి చెమట తోసేస్తుంది. ఓసారి ఆర్కే బీచ్‌లో మంచి డైలాగు మధ్యలో నా మీసం సగం ఊడి, గాలికి చెంప మీద కొట్టుకుంది. చుట్టూ చేరిన జనం ఆ రోజు నవ్వినంతగా స్కెచ్ చూసి ఎవరూ నవ్వలేదు.

అతికించే వరుస:

- షూటింగ్‌కి 24 గంటల ముందు మోచేతి లోపలి వైపు గమ్ చుక్క పెట్టి చూడండి. ఎర్రబడినా, దురద వచ్చినా ఆ గమ్ ముఖానికి వద్దు.
- ముఖం సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనె, క్రీమ్ ఏవీ ఉండకూడదు.
- గమ్ పల్చగా రాసి, వేలికి జిగురుగా తగిలేదాకా ఆగండి. తడి మీద అతికిస్తే జారుతుంది.
- తడిపి పిండిన గుడ్డతో అర నిమిషం ఒత్తి పట్టుకోండి. రుద్దొద్దు.
- అంచుల మీద పౌడర్ అద్దండి.
- తీసేటప్పుడు లాగొద్దు. గమ్ రిమూవర్‌తో అంచు నుంచి నానబెడుతూ తీయండి.

మీసం వేషాలు గదిలోనే పెట్టుకోండి. తప్పక బయట తీయాలంటే ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఫ్యాను వేయండి, రికార్డింగ్‌కి ముందు ఆపండి. ఫ్యాను ఆపడం మర్చిపోతే మైకులో ఆ గాలి హోరు అంతా పడుతుంది. ఎడిటింగ్‌లో అది పూర్తిగా పోవడం కష్టం. పోగొట్టబోతే గొంతు కూడా దాంతోపాటే దెబ్బతినొచ్చు.

6. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టు తీయడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, అందుకే ఇది పెద్దది.

ముందు చూపు. నా తొలి వీడియోలో రెండు పాత్రలూ కెమెరాకి కుడివైపే చూశాయి. మాట్లాడుకుంటున్నట్టు లేదు, ఇద్దరూ ఒకే బస్సు కోసం చూస్తున్నట్టుంది. ఒకరు కుడివైపు చూస్తే రెండోవారు ఎడమవైపు చూడాలి, అంతే. కానీ విగ్గులో, టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు.

అందుకే ముగ్గుపిండి. రెండు పాత్రలు నిలబడే చోట్ల మధ్య నేల మీద ఒక గీత వేయండి. కెమెరా ఎన్ని చోట్లకి మారినా ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. గీత దాటిందా, చూపులు తారుమారవుతాయి.

తర్వాత చీపురు కర్ర. ఎదుటి పాత్ర నిలబడాల్సిన చోట కర్ర నిలబెట్టి, ఆ పాత్ర కళ్ళ ఎత్తులో రంగు టేపు చుట్టండి. అప్పలనరసమ్మ కింద కూర్చుని ఉంటుంది, కొనడానికి వచ్చిన రామ్మూర్తి గారు నిలబడి ఉంటారు. ఆయన చూపు కిందకి, ఆవిడ చూపు పైకి ఉండాలి. ఈ ఒక్క తేడాతోనే ఇద్దరి మధ్య దూరం నిజమనిపిస్తుంది.

భుజం మీదుగా తీసే షాట్‌కి మీ ఒడ్డూపొడుగూ ఉన్న స్నేహితుడికి చీరో చొక్కానో వేసి వెనక్కి తిప్పి నిలబెట్టండి. వీపూ, విగ్గూ మాత్రం కనిపిస్తే చాలు. ఎపిసోడ్‌కి రెండుసార్లు ఇలాంటి షాట్ పడితే నమ్మకం కుదిరిపోతుంది.

ఇక ఒకే ఫ్రేములో ఇద్దరూ కనిపించే షాట్. ఇది ఎపిసోడ్‌కి ఒక్కటే పెట్టుకోండి. ఎక్కువ పెడితే చూసేవాళ్ళు కథ వదిలేసి అతుకు ఎక్కడుందో వెతుకుతారు.

- ట్రైపాడ్ కాళ్ళ చుట్టూ నేల మీద టేపు వేయండి. దాని బరువు కొక్కేనికి నీళ్ళ బాటిల్ సంచి తగిలించండి.
- ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సగంలో ఫోన్ వస్తే మొదటికొస్తుంది.
- ఫోకస్, వెలుతురు, రంగు మూడూ లాక్ చేయండి. లాక్ లేకపోతే తెల్ల చొక్కా పాత్రకి గది చీకటిగా, నల్ల చొక్కా పాత్రకి వెలుగుగా వస్తుంది.
- సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుకుమినుకుమనే అవకాశం తక్కువ.
- అతుకు పడే చోట గుమ్మం అంచో, స్తంభమో, బీరువా అంచో ఉండేలా ఫ్రేము పెట్టుకోండి. కర్టెన్ ఉంటే తీసేయండి.
- మొదటి పాత్రని పూర్తిగా తీశాక కెమెరా ముట్టుకోకుండా రెండో పాత్రకి మారండి. కిటికీలు మూసి లైట్లతోనే తీయండి, మేఘం వస్తే పోతుంది.
- ఏ పాత్ర చెయ్యీ, నీడా మధ్య గీత దాటకూడదు.

గమనించారా, ఈ ఒక్క షాట్ కోసం ఇందాకటి వరుస కుదరదు. రెండు వేషాలూ ఒకేపూట వేయాలి. అందుకే తేలిగ్గా మారే పాత్రల్ని, సంతోష్‌నీ సెక్రటరీనీ, దీనికి ఎంచుకోండి. మీసం రామ్మూర్తి గారినీ చీర అప్పలనరసమ్మనీ ఒకే ఫ్రేములో పెడదామని మొదటి ఎపిసోడ్‌లోనే సరదా పడొద్దు.

7. వినే టేకులు

ఒక్కో పాత్ర డైలాగులు అయిపోయాక వేషం తీసేయకండి. కెమెరా ఆన్ చేసి, రేడియో వెర్షన్ మొత్తం చెవిలో పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా విని కూర్చోండి. మూడుసార్లు తీయండి.

మొదటిసారి నమ్ముతూ వినండి. రెండోసారి మాట మధ్యలో దూరాలని చూస్తూ వినండి. మూడోసారి మనసు ఇంకెక్కడో పెట్టుకుని వినండి. అప్పలనరసమ్మ అయితే రామ్మూర్తి గారి హుద్‌హుద్ ఉపన్యాసం వింటూనే పక్క బుట్ట దగ్గర ఎవరో టమాటాలు నొక్కుతున్నారేమోనని చూస్తుంటుంది.

ఎడిటింగ్‌లో బంగారం ఈ టేకులే. మాట ఒకరిది నడుస్తుంటే ముఖం ఇంకొకరిది చూపించండి. జోకు పడిన చోట చెప్పినవాడి మీద కాదు, విన్నవాడి మీద కట్ చేయండి. వెనకాల నవ్వుల ట్రాక్ అక్కర్లేదు.

తుఫాను స్కెచ్ చివర్లో నలుగురూ నూకరాజు చుట్టూ చేరి ఎప్పుడొస్తుంది, ఎటొస్తుంది అని ఊదరగొడతారు. వల కుడుతూ నలుగురినీ వింటాడు. సముద్రం వైపు చూస్తాడు. "ఇంకా నాకేటీ సెప్పలేదు బావూ" అంటాడు. ఆ డైలాగు నిలబడేది ముందున్న ఇరవై సెకన్ల మౌనం మీదే. ఆ ఇరవై సెకన్లూ వినే టేకులోంచి తీసుకున్నవే.

8. బయట తీసేటప్పుడు

బీచ్‌లో వెలుతురు సంగతి ముందు తెలుసుకోండి. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. ఉదయం సముద్రం వైపు తిరిగిన ముఖానికి నిండుగా వెలుగు పడుతుంది. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి వెళ్ళిపోతాడు, ఇసుక మీద తొందరగా నీడ పడుతుంది. ఒకే సీన్‌లో ఇద్దరు పాత్రల్ని రెండు రోజుల్లో తీస్తుంటే రెండు రోజులూ ఒకే గంటకి వెళ్ళాలి.

అలల శబ్దం ప్రతి షాట్‌లోనూ వేరేగా ఉంటుంది, కట్ చేసిన ప్రతిచోటా అల ఎగిరినట్టు వినిపిస్తుంది. షూటింగ్ అయ్యాక రెండు నిమిషాలు ఉత్త సముద్రం రికార్డు చేసుకుని, డైలాగులు గదిలో డబ్బింగ్ చెప్పి, కింద ఆ శబ్దం పరవండి. మైక్‌కి గాలి తొడుగు తప్పనిసరి. సినిమా పాట వాడొద్దు, కాపీరైట్ అని వీడియో దించేయొచ్చు.

నేవీ, పోర్టు ప్రాంతాల్లో ఫోటోలు నిషేధమని బోర్డులు ఉంటాయి. అక్కడ ఫోన్ బయటకి తీయొద్దు. ఊళ్ళో ఉన్న విమానాశ్రయం కూడా నేవీ స్థావరంలోనిదే. డ్రోన్ ఆలోచన మానుకోండి. బీచ్, రోడ్డు, మార్కెట్ లాంటి చోట్ల ట్రైపాడ్ పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి అడిగి కాగితం చేతిలో ఉంచుకోండి.

రైతుబజార్లో తీయాలనుకుంటే ఉదయం రద్దీలో వెళ్ళొద్దు, వాళ్ళ బేరం పాడుచేస్తారు. అసలు బుట్టలు నాలుగు కొనుక్కుని ఇంటి మేడ మీద, పిట్టగోడ ముందు గోనెపట్టా పరిచి తీస్తే ఎవరికీ తేడా తెలియదు. వెనకాల మార్కెట్ శబ్దం వేసుకోండి. ఆ కూరలు వారం తినొచ్చు.

9. ఎక్కువగా వచ్చే తేడాలు, అక్కడికక్కడే మందు

- రెండు పాత్రలూ ఒకే మనిషిలా ఉన్నాయి: గొంతు ముట్టుకోకండి, రెప్ప వేసే వేగం మార్చండి. ఒకరు చాలా తక్కువ, ఇంకొకరు తరచుగా.
- మూడో టేకుకి పాత్ర జారిపోతోంది: ప్రతి టేకుకి ముందు ఆ పాత్ర ఊతపదం ఒకసారి పైకి అనండి, తర్వాత కూర్చుని లేవండి.
- విగ్గు నుదుటి దగ్గర గీతలా కనిపిస్తోంది: ముందు వైపు మీ సొంత జుట్టు కొద్దిగా బయటకి లాగి కలిపి దువ్వండి. లేదా తువ్వాలు, మఫ్లర్, కొంగు.
- డైలాగులు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు లేవు: రేడియో వెర్షన్ మళ్ళీ చేయండి, ఈసారి రెండు చోట్లయినా మాట మధ్యలో అడ్డుతగిలేలా.
- ఎవరూ నవ్వడం లేదు: మొదటి ముప్ఫై సెకన్లు కోసేసి చూడండి. పాత్రని పరిచయం చేసే వాక్యాలన్నీ అక్కడే ఉంటాయి, ఒక్కటీ అవసరం లేదు.

పూర్తయిన స్కెచ్‌ని మీ వాళ్ళకి చూపించకండి, వాళ్ళు మీ మీద ప్రేమతో నవ్వుతారు. మిమ్మల్ని ఎరగని ఇద్దరికి ఫోన్‌లో చూపించి, స్క్రీన్ కాకుండా వాళ్ళ ముఖాలు చూడండి. "ఇందులో ఎంతమంది నటించారు?" అని అడగండి. ఐదుగురంటే పైన రాసినవన్నీ కుదిరాయి. "ఇద్దరు ముగ్గురు" అంటే ఏ ఇద్దరు కలిసిపోయారో అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.

10. ఆ రాత్రి చేయాల్సినవి

ఎంత అలసిపోయినా ఈ నాలుగూ అయ్యాకే పడుకోండి.

- వీడియోలు, ఆడియోలు రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయాలి. ఫైలు పేరులో పాత్ర, షాట్ నంబరు ఉండాలి. వినే టేకులకి ముందు 'విను' అని పెట్టండి.
- ముఖం మీద గమ్ ఒక్క చుక్క కూడా మిగలకుండా తీసి, కొబ్బరినూనె రాయాలి.
- పాత్రకొక సంచి. అప్పలనరసమ్మ గాజులు రామ్మూర్తి గారి సంచిలోకి వెళ్ళాయంటే వచ్చే ఎపిసోడ్ రోజు ఇల్లంతా వెతకాలి.
- విగ్గులు, మీసాలు ఫ్యాను కింద ఆరనిచ్చి అప్పుడు డబ్బాలో పెట్టాలి. మన తేమకి, తడిగా మూతపెట్టిన విగ్గు మూడో రోజుకి ఫిషింగ్ హార్బర్ వాసన కొడుతుంది. అది నూకరాజుకి సరిపోతుంది గానీ, సెక్రటరీ గారు ఒప్పుకోరు.